రహస్యం ఎవరిని కాపాడుతుంది?

కొన్నేళ్ల క్రితం సహోద్యోగి ఒకరు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నారు. కారణం ‘కుటుంబ పరిస్థితులు’ అని మాత్రమే రాశారు. నేను సిఫారసు చేశాను. అసలు సంగతి తరువాత తెలిసింది. ఆయన పదహారేళ్ల కుమారుడు వైట్‌నర్ పీల్చే వ్యసనంలో పడ్డాడు. ఊరు మారితే పరువు దక్కుతుందనీ, అబ్బాయి బాగుపడతాడనీ ఆ తండ్రి ఆశ. పరువు దక్కింది, వ్యసనం మాత్రం వారి వెంటే వెళ్లింది.

ఆ ఇంట ఎవరి మౌనం వారిది. బీరువాలో డబ్బు తగ్గుతున్న సంగతి తల్లి భర్తకు చెప్పలేదు. చెల్లెలు స్నేహితురాళ్లను ఇంటికి పిలవడం మానుకుంది. అందరికన్నా ముందు తెలిసినవాడు తరగతిలో పక్కన కూర్చునే మిత్రుడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాడు కనుక అతడూ నోరు విప్పలేదు. ప్రతి ఒక్కరూ ప్రేమతోనే దాచారు. ఆ ప్రేమలన్నీ కలిసి ఆ బాలుణ్ణి ఒంటరివాణ్ణి చేశాయి.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, పెద్దలలో కంటే పిల్లలలో వాడకం ఎక్కువగా ఉన్న మత్తు పదార్థాలు పీల్చేవి మాత్రమే: పెద్దలలో 0.58 శాతం, బాలలలో 1.17 శాతం.

మిత్రుని రహస్యాన్ని బయటపెట్టడం ద్రోహమా? ఇచ్చిన మాటకు విలువనిచ్చే సమాజంలో ఇది తేలికైన ప్రశ్న కాదు. అయితే భారతంలో విదురుడు అన్నకు అప్రియమైన మాటలు చెప్పినందువల్ల ద్రోహి కాలేదు. ఆయన ఆ మాటలను వీధిలో చాటలేదు, వినవలసినవానికే చెప్పాడు. రచ్చకెక్కించడం వేరు, రక్షించగలవారి చెవిన వేయడం వేరు. ఒట్టు నిలుపుకోవడం కన్నా మిత్రుణ్ణి నిలుపుకోవడం పెద్ద ధర్మం.

కానీ చెప్పేవాణ్ణి మాత్రమే నిలదీస్తే చాలదు. చెబితే ఏమవుతుందన్న భయం అతనికి మనం కల్పించినదే. పాఠశాల పేరు తీసివేస్తుందని, బంధువులు దూరమవుతారని, పోలీసులు వస్తారని అందరి బెదురు. నిజానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే, స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొచ్చి దానిని పూర్తిచేసిన వ్యసనపరునికి, సేవనం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరాలలో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64-ఎ సెక్షన్ ఉంది. చట్టం చూపిన ఈ పాటి కనికరం మన ఇరుగుపొరుగు చూపులలో కనిపించదు.

చరిత్ర విద్యార్థిగా నాకొక సంగతి స్ఫురిస్తుంది. ఈస్టిండియా కంపెనీ బీహారు, బెనారసు ప్రాంతాల నల్లమందును కలకత్తాలో వేలం వేసేది. వర్తకులు దానిని చైనాకు చేర్చేవారు. అక్కడి కుటుంబాల దుఃఖం ఇక్కడి లెక్కలలో ఆదాయంగా నమోదైంది. కాగితం మీద దుఃఖానికి ఎప్పుడూ వేరే పేరే ఉంటుంది. నా ముందున్న దస్త్రంలోనూ దాని పేరు ‘కుటుంబ పరిస్థితులు’.

ఆనాడు ఆ తండ్రిని కూర్చోబెట్టి, “ఏమిటండీ ఆ పరిస్థితులు?” అని ఒక్క మాట అడగవలసింది. నేను అడగలేదు, సంతకం చేశాను.