రసమట్టంలో బుడగ

హిందూపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోకి పాత లేత్ మిషన్ వచ్చి నెలయింది. దించిన రోజే బోల్టులన్నీ బిగించి నడిపాను. దాని మీద కోసిన కడ్డీ ఒక కొసన లావు, మరో కొసన సన్నం. మిషన్ అరిగిపోయిందనుకుని, అమ్మినవారిని మనసులో చాలాసార్లు నిందించాను. పెనుకొండ నుంచి వచ్చిన పెద్ద టర్నర్ ముందు ఆ బోల్టులన్నీ వదులు చేశారు. "దీని తప్పేం లేదప్పా. నువ్వే మెలి పెట్టినావు" అన్నారు.

క్వింటాళ్ల బరువున్న పోత ఇనుము మెలి తిరుగుతుందా? తిరుగుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉండి, ఒక కాలు ఆనకముందే బోల్టు బిగిస్తే లేత్ పొడవునా ఉండే బెడ్ పిసరంత వంకర పోతుంది. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల వాలును కూడా పట్టే రసమట్టాన్ని ఆయన బెడ్‌కు అడ్డంగా మొదట కడ్డీని పట్టే చక్ దగ్గర, తర్వాత అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ దగ్గర పెట్టారు. చేతి వేడికే బుడగ జరుగుతుందట. అందుకని పెట్టిన ప్రతిసారీ చెయ్యి తీసి, కాసేపు ఊరకే నిలబడేవారు. కాళ్ల కింద పలుచని రేకులు దోపుతూ మధ్యాహ్నం దాటించారు.

"బుడగ నట్టనడుమ ఉండాలి కదా?" అన్నాను. "ఉంటే మంచిదే. కానీ రెండు చోట్లా ఒకే తీరుగా ఉండాల, అదే ముఖ్యం."

నిజమే. ఓడల్లోనూ లేత్‌లుంటాయి. అలల మీద ఊగుతూనే సరిగ్గా కోస్తాయి. సమత్వమే యోగమని గీత రెండో అధ్యాయం చెబుతుంటే, అది కదలని నేల దొరికాక సాధించే స్థితి అనుకునేవాణ్ణి. ఆ మాట పుట్టింది రెండు సేనల నడుమ నిలిచిన రథం మీద. పెద్దలు త్రికరణశుద్ధి అన్నది ఈ మెలిక లేకపోవడాన్నేనేమో: మనసు ఒకవైపు, మాట ఒకవైపు, చేత మరోవైపు వాలకపోవడం. ధర్మవరం మగ్గంలోనూ అంతే. పడుగు చుట్టిన దూలానికీ, బట్ట చుట్టుకునే కర్రకూ పొత్తు కుదరకపోతే ఎంత మేలైన పట్టు అయినా ఒకవైపు బిగుసుకుంటుంది.

రసమట్టంతో పని ముగియలేదు. పాత బెడ్ చక్ దగ్గర ఎక్కువ అరిగి ఉంటుంది కాబట్టి బుడగ మాట ఒక్కటే నమ్మలేం. కడ్డీని చక్‌లో బిగించి, అవతలి కొసకు ఆసరా ఇవ్వకుండా, దగ్గర ఒక పట్టీ, దూరాన ఒక పట్టీ సన్నగా కోసి మైక్రోమీటరుతో కొలిచారు. దగ్గరివారితో ఒకలా, దూరపువారితో ఒకలా ఉండే నాకు ఆ రెండు కొలతలూ చదువుతుంటే గుండె బరువెక్కింది. తేడా ఇంకా ఉంది.

"రాత్రికి వదిలెయ్. బరువు సర్దుకోనీ" అని వెళ్లిపోయారు.

పొద్దున్నే దీపం పెట్టి షెడ్డులోకి వెళ్లాను. బుడగ అర గీత జరిగి ఉంది. ఈసారి ఎవరినీ తిట్టుకోలేదు. వంగి, ఒక కాలి బోల్టు కొంచెం వదులు చేసి, చెయ్యి తీసి నిలబడ్డాను.