పన్నెండో పేరు

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్లో చెప్పిన సంగతులన్నీ శ్రద్ధగా విన్నాను. మీ హైస్కూలు ఆడపిల్లల కబడ్డీ జట్టు మండల స్థాయిలో గెలిచింది. నియోజకవర్గ స్థాయిలో ఫైనల్ దాకా పోయి ఓడింది. ఖోఖో వాళ్ళు సెమీస్‌లో ఆగిపోయారు. వాలీబాల్ పిల్లలు మొదటి మ్యాచ్‌కే ఇంటిదారి పట్టారు. ఇంతవరకూ మామూలుగానే చెప్పావు. పన్నెండు మంది జాబితాలో నీది పన్నెండో పేరనీ, పోటీలన్నీ అయిపోయినా ఒక్కసారి కూడా నిన్ను కోర్టులోకి దింపలేదనీ చెప్పేటప్పుడు మాత్రం నీ గొంతు పూడుకుపోయింది. "వచ్చే ఏడు టెన్త్ కదా తాతా, ఇంక ఆట మానేస్తా" అన్నావు. బతుకంతా మైదానాల్లో, మీలాంటి పిల్లల మధ్య పీఈటీగా గడిపినవాణ్ణి. ఆ మాటకు ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆట ఆడాలా, మానాలా అన్నది నువ్వే తేల్చుకో. అందులో నా బలవంతం లేదు. కానీ ఓడిపోయామనో, కూర్చోబెట్టారనో మాత్రం మానొద్దు. ఆ రెండూ ఆట మానడానికి తగిన కారణాలు కావు. ఎందుకు కావో చెప్తాను, నిదానంగా చదువు.

ముందు ఓటమి సంగతి చూద్దాం. నాకౌట్ పోటీకి 16 జట్లు వస్తే 15 జట్లు ఓడి ఇంటికి పోవాల్సిందే. అందులో ఎనిమిది జట్లకు మొదటి మ్యాచే ఆఖరి మ్యాచ్. గెలిచిన ఒక్క జట్టు పై మెట్టుకు పోతే అక్కడా ఇదే లెక్క. మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం, ఆ పైన జాతీయ పోటీలు. 1954లో పుట్టిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీల దాకా మన బడిపిల్లలు ఎక్కే మెట్లు ఇవే. అన్నీ ఎక్కి, ఆఖరి మ్యాచ్ కూడా గెలిచి సంతోషంగా ఇల్లు చేరే జట్టు ఒక్కో ఆటకు, ఒక్కో వయసు విభాగానికి ఒక్కటే ఉంటుంది. మిగిలిన పిల్లల్లో దాదాపు అందరికీ సీజన్ ఓటమితోనే ముగుస్తుంది. ఓడటం తలవంపులే అయితే దేశంలో ఆడే పిల్లలంతా తలదించుకుని తిరగాల్సిందే. కాబట్టి మీ ఫలితాన్ని మీరు సరిగ్గా చదువుకోండి. మండలంలో మొదటి స్థానం, నియోజకవర్గంలో రెండో స్థానం. వాలీబాల్ పిల్లలకూ ఈ లెక్క చెప్పు. మొదటి మ్యాచ్‌లో ఓడినా వాళ్ళు నెట్టు కట్టుకుని, పొద్దున్నే లేచి, సాధన చేసి పోటీకి వచ్చినవాళ్ళు.

ఇంకో సంగతి. పై స్థాయికి పోయేకొద్దీ స్కూలు జట్లు పోయి ఎంపిక జట్లు వస్తాయి. జిల్లా జట్టును ఎంచేవాళ్ళు ఒక్కొక్క పిల్ల ఆట చూస్తారు. ఓడిన జట్టులో బాగా ఆడిన పిల్లకూ ఆ తలుపు తెరిచే ఉంటుంది. మీ జట్టు కథ ముగిసినా మీలో ఎవరి కథా ముగియలేదు.

కబడ్డీలో మన దేశం కంటే గట్టి జట్టు లేదని అందరూ అనుకుంటూ ఉండగా, 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన ఆడవాళ్ళ జట్టు ఇరాన్ చేతిలో 24-27తో ఓడింది. ఆ తర్వాతి ఆసియా క్రీడలు హాంగ్జౌలో 2023లో జరిగాయి. అక్కడ లీగ్ మ్యాచ్‌లో చైనీస్ తైపీతో 34-34తో సమంగా నిలిచారు. మళ్ళీ అదే జట్టుతో ఫైనల్ ఆడి 26-25తో గెలిచారు. ఒక్క పాయింటు తేడా! ఓడిన రోజు నుంచి బంగారు పతకం మెడలో పడేదాకా ఐదేళ్ళు పట్టింది. నీకు నియోజకవర్గ ఫైనల్ పోయి ఇంకా నెల కూడా కాలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నిన్ను బాధపెడుతున్నది జట్టు ఓటమి కాదు, బెంచీ. దానికి మన పక్కనే పుట్టి పెరిగిన ఒకమ్మాయి గురించి చెప్పాలి. తలకోన జలపాతానికి పోయే దారి నీకు తెలుసు. ఆ యర్రావారిపాళెం మండలంలోనే ఎనుములవారిపల్లె ఉంది. ఆ పల్లెలో వడ్రంగి పని చేసుకునే ఇంట్లో పుట్టింది ఎతిమరపు రజని. నెరబైలు జిల్లా పరిషత్ హైస్కూల్లో, అంటే మీలాంటి బడిలోనే, చదువుకుంది. హాకీలో గోల్‌కీపర్ అయి భారత జట్టుకు ఎదిగింది.

హాకీలో గోల్‌కీపర్ కొలువు ఎంత కష్టమో ఆలోచించు. కోర్టులో ఏడుగురు ఉండే మన ఆటలో ఒకరు అలిసిపోతే, దెబ్బ తగిలితే ఇంకొకరికి అవకాశం వస్తుంది. హాకీలో ముందువరస వాళ్ళను తరచూ మారుస్తూనే ఉంటారు. గోల్‌పోస్టు ముందు నిలబడేది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరు బాగా ఆడుతున్నంత కాలం రెండో గోల్‌కీపర్‌కు పని తగలదు. రజని జట్టులో ఉన్న కాలంలో ఆ స్థానంలో ఉన్నది సవితా పునియా. ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్లలో ఒకరు. కాబట్టి రజని ఆటజీవితంలో చాలా భాగం కాళ్ళకు బరువైన ప్యాడ్లు కట్టుకుని, హెల్మెట్ పక్కన పెట్టుకుని, పిలుపు కోసం సిద్ధంగా ఉండటంలోనే గడిచింది.

టోక్యో ఒలింపిక్స్ సంగతి తీసుకో. 2021లో మన ఆడవాళ్ళ హాకీ జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ వరసగా ఓడింది. తర్వాత ఐర్లాండ్‌ను, దక్షిణాఫ్రికాను ఓడించి క్వార్టర్స్ చేరింది. అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించేసరికి దేశమంతా నివ్వెరపోయింది. చివరకు కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆడి 3-4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. సవిత పేరు ఇంటింటా మోగింది. ఆ జట్టుతో ప్రత్యామ్నాయ గోల్‌కీపర్‌గా వెళ్ళిన రజని పేరు మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. కానీ ఆలోచించు. సవిత రోజూ సాధనలో ఎదుర్కొన్న షాట్లు, పక్కనే అదే కసరత్తు చేస్తున్న రెండో గోల్‌కీపర్, తన స్థానానికి తగినవాళ్ళు ఇంకొకరున్నారన్న ఎరుక, ఇవన్నీ ఆ గోల్‌పోస్టు ముందు నిలబడిన మనిషిలో ఉంటాయి. బెంచీ మీదున్న మనిషి పనిచేయనిదే కోర్టులో ఉన్న మనిషికి పదును రాదు.

తర్వాతి ఏడాది, 2022లో, బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో మన జట్టు న్యూజిలాండ్‌ను షూటవుట్‌లో ఓడించి కాంస్యం గెలిచింది. ఆ జట్టులోనూ రజని రెండో గోల్‌కీపరే. 2024 జనవరిలో మస్కట్‌లో ఐదుగురు ఆడే హాకీకి ప్రపంచకప్ జరిగింది. ఆ జట్టుకు కెప్టెన్ ఎవరనుకున్నావు? మన రజనే. ఆమె నాయకత్వంలో జట్టు ఫైనల్ దాకా పోయి, నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి వెండి పతకం తెచ్చుకుంది. అన్నేళ్ళు బెంచీ మీద ఉండి, ఆ రోజు పిలుపు వచ్చేసరికి ఆమె సిద్ధంగా ఉంది. రాకపోయి ఉన్నా సిద్ధంగానే ఉండేది. ఆమె దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది ఇదే. పిలుపు మన చేతిలో లేదు. సిద్ధంగా ఉండటం మన చేతిలో ఉంది.

సిద్ధంగా ఉండటం అంటే చేతులు కట్టుకుని ఎదురుచూడటం కాదు, పాపా. బెంచీ మీద కూర్చున్న పిల్లకు చేతినిండా పని ఉంది. మీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అందులో ఒక సగం, అంటే ఆరు మీటర్ల నేలను, ఏడుగురు కాపాడుకోవాలి. లోపల ఉన్నవాళ్ళకు కనబడేది రైడర్ ఒక్కతే. అంతా కలిపి కనబడేది నీకే. అవతలి రైడర్ గీత దాటేటప్పుడు ఏ కాలు ముందు పెడుతోంది? చేత్తో తాకడానికి వస్తోందా, కాలు చాచి బోనస్ కోసం వస్తోందా? మీవాళ్ళు ఆరుగురి కంటే తగ్గాక బోనస్ ఉండదు కదా, అప్పుడు ఆమె ఆట ఎలా మారుతోంది? మన కవర్ ఆడే పిల్ల తొందరపడి అర అడుగు ముందుకు జరిగితే చేతుల గొలుసు తెగుతుంది, మూలనున్న పిల్ల ఒంటరి అవుతుంది. రైడర్ దూరేది ఆ సందులోనే. ఇవి ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని విరామంలో మీవాళ్ళ చెవిన వేస్తే, ఏడుగురూ అవుటై అవతలివాళ్ళకు అదనంగా రెండు పాయింట్లు పోకుండా ఆపినదానివి అవుతావు. స్కోరు కాగితం మీద నీ పేరు ఉండదు. ఆ పాయింట్లలో నీ పని ఉంటుంది.

ఇక మనసు సంగతి. ఇది అన్నిటికంటే ముఖ్యం, గుండెలో పెట్టుకో. నీ స్థానంలో ఆడుతున్న పిల్ల తప్పు చేయాలని ఎన్నడూ కోరుకోకు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఆ కోరిక తెలియకుండానే పుడుతుంది. ఆమె జారితే నాకు పిలుపొస్తుంది కదా అనిపిస్తుంది. అనిపించిన క్షణమే దాన్ని తుంచేయ్. సొంత జట్టు ఓడాలని ఒక మూల కోరుకున్న పిల్ల ఎంత బలంగా ఉన్నా జట్టుకు పనికిరాదు. రేపు ఆఫీసులో, ఇంట్లో, ఊళ్ళో కూడా ఎవరికీ పనికిరాదు. నీకంటే బాగా ఆడే పిల్లను చూసి నేర్చుకో. ఆమె పడిపోతే అందరికంటే ముందు నీళ్ళ బాటిల్ పట్టుకుని నువ్వే పరిగెత్తాలి. అసూయ లేకుండా ఇంకొకరి గెలుపును మెచ్చుకోవడం పదిహేనేళ్ళ వయసులో అలవడితే అది జీవితాంతం నీకు తోడుంటుంది.

ఫైనల్లో అవతలి జట్టులో వయసు దాటిన పిల్లలున్నారని కూడా చెప్పావు. నిజమో కాదో నాకు తెలియదు, నువ్వూ రుజువు లేకుండా నలుగురిలో అనకు. అనుమానం ఉంటే మ్యాచ్ మొదలుకాక ముందే మీ పీఈటీ నిర్వాహకులకు చెప్పాలి, పుట్టినతేదీ కాగితాలు చూపమని అడగాలి. అడగడం తప్పు కాదు. మ్యాచ్ అయిపోయాక ఆ మాట పట్టుకుని ఓటమిని మోసుకు తిరగడం తప్పు. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. రేపు ఎవరైనా నీ వయసు తగ్గించి రాయిద్దామంటే, ఇంకొకరి పేరుతో ఆడమంటే, ఎంత పెద్దవాళ్ళు చెప్పినా ఒప్పుకోకు. అలా వచ్చిన కప్పు బడి అల్మారాలో ఉన్నంత కాలం నిన్ను చూసి వెక్కిరిస్తుంది. అలాగే పోటీకి ముందు బరువు తూస్తారని తిండి మానేసి నీరసపడటం కూడా వద్దు. కడుపు మాడ్చుకుని గెలిచేది ఏమీ లేదు. సంగటి తిను, గుడ్డు తిను, గుప్పెడు చెనక్కాయలు తిను, నీళ్ళు బాగా తాగు.

మీ నాయనకు టెన్త్ మార్కుల బెంగ ఉంది. ఆ బెంగ న్యాయమైనదే. ఉత్తరం చదివాక ఆయనకూ చూపించు. సాయంత్రం గంటసేపు ఆడి వచ్చిన పిల్ల రాత్రి పుస్తకం ముందు చురుగ్గా కూర్చుంటుంది. సెల్‌ఫోన్‌కు పోయే గంటను ఆటకు ఇస్తే చదువుకు నష్టం ఏమీ లేదు. మ్యాచ్‌ల కోసం చిత్తూరుకో, తిరుపతికో పంపాల్సి వస్తే ఎవరు తోడు వస్తున్నారు, ఎక్కడ పడుకుంటారు, ఎప్పుడు తిరిగొస్తారు అని మీ నాయన అడుగుతాడు. అడగనీ. దానికి విసుక్కోకుండా మీ పీఈటీ మేడమ్‌తో మాట్లాడించు. ఆడపిల్లను ఆటకు పంపే ఇంటికి ఆ భరోసా ఉండాలి. రజని ఇంటివాళ్ళు కూడా బిడ్డను నమ్మి పంపినవాళ్ళే.

ఇంక చేయవలసింది చెప్తాను. సోమవారం స్కూలుకు పోగానే మీ పీఈటీ దగ్గరకు పో. "నన్నెందుకు దింపలేదు?" అని అడగొద్దు. "నా ఆటలో ఏది తక్కువైంది, ఏం చేస్తే బాగుపడుతుంది?" అని అడుగు. చెప్పింది నోటుబుక్కులో రాసుకో. దమ్ము చాలలేదంటే పొద్దున పరుగెత్తు. పట్టు చాలలేదంటే చీలమండ పట్టుకోవడం రోజూ సాధన చెయ్. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు కొందరు గ్రౌండు బయట నిలబడి మీ ఆట చూస్తుంటారు కదా, వాళ్ళను పిలిచి నీకు తెలిసింది నేర్పు. నేర్పితే నీ ఆటా గట్టిపడుతుంది, నువ్వు పోయాక బడికి జట్టూ మిగులుతుంది. ఇదంతా ఒక ఏడాది చేసి చూడు. అప్పటికీ ఆట మీద మనసు లేకపోతే సంతోషంగా మానెయ్, నేనేమీ అనను. నచ్చక మానడం వేరు, చిన్నబుచ్చుకుని మానడం వేరు. మొదటిదానిలో గౌరవం ఉంది.

వచ్చే ఏడు జాబితాలో నీ పేరు మొదట ఉంటుందో, మళ్ళీ పన్నెండోదే అవుతుందో నేను చెప్పలేను. ఎక్కడున్నా ఆ జట్టుకు నువ్వు కావలసినదానివిగా ఉండు. నీ నుంచి నేను కోరేది అంతే.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. అవ్వ ఆశీస్సులు కూడా ఇందులోనే ఉన్నాయి.

ఇట్లు,
మీ తాత