పన్నెండు గంటల జపం



మొజంజాహీ మార్కెట్ గడియారాన్ని చూడని హైదరాబాదీ ఉండడు. ఏడవ నిజాం తన రెండవ కుమారుని పేరిట 1935లో కట్టించిన ఈ రాతి బజారులో ఒకప్పుడు పండ్లదే రాజ్యం. ఇప్పుడు ఐస్‌క్రీమ్ కోసం వచ్చేవారే ఎక్కువ. అక్కడి నుండి ఆబిడ్స్ మీదుగా గన్‌ఫౌండ్రీకి వెళితే మన పునీత జోజప్పగారి కథీడ్రల్ వస్తుంది. ఇటు గడియారం, అటు గుడిగంట. ఈ రెంటి నడుమ షాపులు నడుపుకుని బతికే మన కుటుంబాల ప్రార్థన గురించి ఈ వారం నాలుగు మాటలు.

కొంతకాలం క్రితం ఇళ్ళు దర్శించడానికి వెళ్ళినప్పుడు ఒక సోదరుణ్ణి, ఆదివారం పూజకు రావడం తగ్గించారేమని అడిగాను. ఆయన తలవంచుకున్నాడు. భార్య టీ తేవడానికి లోపలికి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు: "ఫాదర్, పొద్దుగాల తొమ్మిదింటికి షాపు తీస్తే రాత్రి పదింటికి ఇల్లు చేరుత. మీరేమో వారం వారం కుటుంబ జపమాల, కుటుంబ జపమాల అంటరు. అది చెప్పలేనోన్ని గుడికెందుకు రావాలె అనిపిస్తది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. జపమాల చెప్పమనడం తప్పు కాదు, ఇకముందూ చెబుతాను. కాని రాత్రి పదింటికి ఇల్లు చేరే మనిషి నా ప్రసంగం వింటూ ఏమనుకుంటాడో ఒక్కనాడూ ఆలోచించలేదు. ప్రార్థించమని పిలిచిన నేనే ఒకణ్ణి గుడికి దూరం చేశాను.

లూకా సువిశేషం మొదటి అధ్యాయం తీసి చూడండి. గబ్రియేలు దూత రెండుసార్లు వస్తాడు. మొదట యెరూషలేము దేవాలయంలో, ధూపం వేసే వేళ, యాజకుడైన జెకర్యా దగ్గరకు. ఆయన నమ్మలేకపోయాడు. తర్వాత నజరేతులో, పేరులేని ఒక ఇంట్లోకి, మరియమ్మ దగ్గరకు. ఆమె సరేనన్నది. ఆ వేళ ఆమె ఏ పని చేస్తున్నదో సువిశేషకుడు రాయలేదు. ఇంట్లో ఉన్న పడుచుపిల్లకు పనిలేకుండా ఉంటుందా, మీరే చెప్పండి!

ఆ ఇంట జరిగిన సంగతినే తలచుకుంటూ శ్రీసభ రోజుకు మూడుసార్లు త్రికాల జపం చెబుతుంది. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. మన పెద్దలు పొలంలో ఉన్నా గంట వినబడితే తలపాగా తీసి నిలబడేవారు. రెండు నిమిషాల పని. పునీత ఆవిలాపురి తెరేసమ్మగారు దేవుడు వంటింటి గిన్నెల మధ్య కూడా ఉంటాడని తన కన్యలకు నేర్పింది. 17వ శతాబ్దంలో పారిస్ కార్మెల్ మఠంలో వంటవాడిగా ఉన్న లారెన్సు సోదరుడైతే, గుడిలో మోకరించినప్పటికంటే పొయ్యి దగ్గర తనకు దేవుడు దూరం కాలేదన్నాడు.

అందుకే ఆ సోదరునికి ఒకటే చెప్పాను. పన్నెండు కాగానే గల్లాపెట్టె దగ్గరే నిలబడి త్రికాల జపం చెప్పండి. చివర ఒక పరలోక జపం కలపండి. బేరగాడు ఉంటే కళ్ళు మూసుకోనవసరం లేదు, పెదవులూ కదలనవసరం లేదు.

పోప్ ఫ్రాన్సిస్ 2025 జూబిలీకి సన్నాహంగా 2024ను ప్రార్థనా సంవత్సరమని ప్రకటించారు. మనమూ బ్యానర్లు కట్టాం. బ్యానర్లు దింపాక ఎన్ని ఇళ్ళలో ఏమి మిగిలిందో నాకు తెలియదు. ఈ ఒక్క షాపులో మిగిలింది మాత్రం చెప్పగలను.

కొన్ని నెలలకు ఆయనే వచ్చి కలిశాడు. "ఫాదర్, పన్నెండింటి జపం పదకొండున్నరకే మొదలైతున్నది," అన్నాడు. అర్థం కాలేదన్నాను. "పదకొండున్నరకు బేరగానికి ధర ఎక్కువ చెప్పబోత. ఇంకో అరగంటకు జపం చెప్పాలె గదా అని గుర్తుకొచ్చి నోరు ఆగుతది. లెక్కల నష్టమే వస్తున్నది!" నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత నవ్వు పోయింది. షాపు వాటా విషయంలో తమ్మునితో ఆరేళ్ళుగా మాటల్లేవట. పరలోక జపంలో మనం ఇతరులను మన్నించినట్లే అని అడిగే చోట గొంతు పెగలడం లేదట. "అబద్ధం చెప్పినట్టు అనిపిస్తున్నది. జపం మానేయమంటరా?"

మానవద్దన్నాను. ఎక్కడ ఆగిందో అక్కడే తమ్ముని పేరు ఒకసారి పలికి, మిగతాది పూర్తి చేయమన్నాను. ప్రార్థన ఆయన్ను ఊరికే వదలలేదని నాకు లోలోపల సంతోషమే కలిగింది. రోజుకు గంటసేపు ప్రార్థించి కూడా ఇంతదూరం రాని వారిని, నాతో సహా, ఎరుగుదును.

మొన్న ఆదివారం పూజ తర్వాత దంపతులిద్దరూ వచ్చారు. తమ్ముని దగ్గరకు వెళ్ళారా అని అడిగాను. "ఇంక లేదు ఫాదర్," అన్నాడాయన. పక్కనున్న భార్య అందుకుంది: "వాళ్ళ చిన్నబిడ్డ ఏ క్లాసుల ఉన్నదో కనుక్కొమ్మన్నడు నన్ను."