వేలిముద్ర ఎవరిది?

తిరుమలాయపాలెం దగ్గర మిరప పండించే ఒక ఊరు అనుకోండి. విత్తనాల కంపెనీ మనిషి జీపులో వచ్చాడు. కొత్త రకం, ఇంకా అంగట్లోకి రాలేదు, ఈ నేలల్లో ఎట్లా పండుతుందో చూడాలి, విత్తనం ఊరికే ఇస్తామన్నాడు. కౌలు రైతులు అప్పటికే కూలికి పోయారు. ఊరి పెద్దరైతు "వాళ్లకేం తెలుస్తది, నేనెంత చెప్తే అంత" అని అందరి కాయితాల మీదా తానే సంతకాలు చేశాడు.

చిత్త కార్తె ముసురుకు నాలుగు చేలు వాడిపోయాయి. వ్యవసాయాధికారి మొక్కలు పీకి చూసి, నీరు నిలిచి వేరు కుళ్లింది, విత్తనం తప్పు లేదన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఎవరూ నమ్మలేదు. తమ పేరున ఎవరో సంతకం చేశారని చేను పోయాక తెలిస్తే ఎవరు మాత్రం నమ్ముతారు?

రెండేళ్లకు నల్ల తామర పురుగు పడి పూతంతా రాలిపోయింది. పురుగును తట్టుకునే రకం పరీక్షకు తెచ్చామని ఇంకొకడు వస్తే ఊరు తరిమికొట్టింది. ఒక్క అవ్వ మాత్రం "కూసో బిడ్డా" అని కూర్చోబెట్టింది. "చేను పోతే ఎవరిస్తరు? నడిమిట్ల వద్దనుకుంటే పీకేయొచ్చా? పండకపోతే ఆ మాట చెప్తవా, దాస్తవా?" అతను తడబడ్డాడు గానీ జవాబులు రాసిచ్చాడు. అవ్వ వాటిని మనవరాలితో చదివించుకుని, సగం చేనుకే ఒప్పుకుని వేలిముద్ర వేసింది. పంట ఓ మోస్తరుగా వచ్చింది. కథకు సరిపోయేంతేమీ రాలేదు.

నీతి: మనిషిని అడగకుండా చేసిన పరీక్ష, తర్వాత వచ్చే మంచి మందుకూ తలుపు మూస్తుంది.

కథ అల్లిందే గానీ, ఈ నీతి ఊరికే చెప్పింది కాదు. 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో నడిపాయి. 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. టీకా మంచిదే, వందకు పైగా దేశాలు వేస్తున్నాయి. అయినా ఆ పేరెత్తితే మనవైపు చాలాకాలం జనం బెదిరారు.

ఆ పాఠం ఇప్పుడు మళ్లీ అవసరం. కొన్ని మొండి రక్త క్యాన్సర్లకు కార్-టీ చికిత్స వస్తోంది. రోగి రక్తంలోంచి టీ కణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని పట్టుకునేలా ల్యాబులో వాటి జన్యువు మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అనుబంధ సంస్థ ఆరిజీన్, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇలాంటి చికిత్సనే పరీక్షకు పెట్టింది. మొదటి దశలో చేరినవారు 8 మంది. అన్ని దారులూ మూసుకుపోయినవారికి ఇది నిజంగానే ఆశ. తీవ్ర జ్వరం, బీపీ పడిపోవడం, మతి తప్పడం వంటి ప్రమాదాలూ అంతే నిజం. ప్రాణం మీదికొచ్చిన మనిషి దేనికైనా తలూపుతాడు. అందుకే అతని తరఫున ఇంకొకరు తలూపడం మరీ ప్రమాదం.

2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, పరీక్షలో చేరే ముందు దాని వివరాలు మీకు తెలిసిన భాషలోనే చెప్పాలి. చదువు రానివారైతే సంబంధం లేని సాక్షి ఉండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పరీక్షకు అంగీకార పత్రం అందితే ఇంటికి తెచ్చుకుని చదవండి, మీకు నమ్మకమున్న డాక్టరుకు చూపించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.