పేరు మారిస్తే చాలునా?



బ్యాంకాక్ నగరం నడిబొడ్డున లుంపినీ పార్కు ఉంది. తథాగతుడు పుట్టిన లుంబినీ పేరే దానికి పెట్టారు. పొద్దున నడకకు వచ్చేవాళ్లకు అక్కడి చెరువు గట్టున నీటి ఉడుములు కనబడతాయి. మన చేలల్లో తిరిగే ఉడుముకు చుట్టాలే, కానీ ఇంకా పెద్దవి. కొన్ని రెండు మీటర్లు దాటతాయి.

థాయ్ భాషలో ఈ జీవి పేరు 'హియా'. అదే అక్కడ పచ్చి తిట్టు. ఇంట్లోకొస్తే అరిష్టమని పాత నమ్మకం. అందుకని మర్యాదగా మాట్లాడాలంటే 'వెండి బంగారం' అనే అర్థమొచ్చే ఇంకో పేరుతో పిలుస్తారు. పేరుకు బంగారం తొడిగారు సరే, తిట్టు మాత్రం పోలేదు. ఆ దేశంలో ఎక్కువమంది బౌద్ధులే. మరి ఈ ఏవగింపు ఎందుకు మిగిలింది?

ఆ ఉడుము చేసే పని చూడండి. ఎండకు ఒళ్లు కాచుకుంటుంది. చీలిన నాలుకతో వాసన పడుతుంది. చేపలూ పీతలూ తింటుంది. చచ్చినవాటినీ తింటుంది, అవి కుళ్లి కంపు కొట్టకుండా చేస్తుంది. శుభ్రం చేసేదానికి మురికి పేరు! ఈ లెక్క మనకు కొత్తదా? మన తాతలు చచ్చిన గొడ్డును మోసి ఊరిని శుభ్రంగా ఉంచారు. ఊరు వాళ్లనే అంటరానివాళ్లంది, వాళ్ల కులం పేరునే తిట్టు చేసుకుంది. మనుషుల్ని ఉడుములతో పోల్చడం లేదు. చూసేవాడి కన్ను రెండుచోట్లా ఒకటేనంటున్నాను.

"జీవకారుణ్యం అంటూ మన కంచంలోకి తొంగిచూసినోళ్లను చాలామందిని చూశాం, మళ్లీ ఈ గోల మనకెందుకు?" అని కొందరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనిషిని వాకిట్లో నిలబెట్టి ఆవుకు మొక్కడం కరుణ కాదు. అట్లాగని దొంగ కరుణను చూసి అసలు కరుణను వదులుకుంటామా? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమనేది ఉంది, ప్రాణులన్నిటి మీదా దయ చూపుతాననేదీ ఉంది. ఒకటి విడిచి ఇంకోటి నిలవదు.

మనమూ పేర్లు మార్చుకున్నాం. పిల్లలకు గౌతమ్, సుజాత అని పెట్టుకున్నాం. కోపమొస్తే ఆ పిల్లల్నే "పందీ, గాడిదా" అంటున్నాం. నేనూ అన్నాను. ఇంకా కోపమొస్తే, మనకన్నా కిందనుకున్న కులం పేరు నోటికొస్తోంది. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల అసమానత మన నాలుక మీదే కూర్చుంది.

ఈ ఆదివారం పిల్లల్ని దగ్గర్లోని పార్కుకో చెరువు గట్టుకో తీసుకెళ్లండి. తొండో, కప్పో, అసహ్యమనిపించే ఒక జీవిని పది నిమిషాలు ఊరికే చూడండి. ఇంటికొచ్చాక, ఆ వారంలో ఎవర్ని ఏ పేరుతో తిట్టామో లెక్క వేసుకోండి. సమ్యక్ వాక్కు సాధన అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

నమో బుద్ధాయ! జై భీమ్!