దుబాసీ ధర్మం

రెండు భాషలు తెలిసి నడుమ నిలబడేవాణ్ణి మన పెద్దలు దుబాసీ అన్నారు. కంపెనీ రోజుల్లో చెన్నపట్నంలో దొరలకూ వర్తకులకూ మధ్య బేరాలు కుదిర్చిన దుబాసీలలో తెలుగువారూ ఉన్నారు. ఆ ఉద్యోగం ఏనాడో పోయింది. పని మాత్రం మనల్ని వదల్లేదు. తరతరాలుగా బెంగుళూరులోనో, చెన్నైలోనో, వేలూరులోనో స్థిరపడ్డ మనకు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. ఈ తెలివి బేరసారాలకన్నా పెద్ద అక్కరకు వచ్చే చోటు ఒకటుంది. అది క్యాన్సర్ ఆస్పత్రి.

చెల్లెలు ఈ జబ్బుతో పోయిన దుఃఖం మరువలేక డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనుకోగా 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. బెంగుళూరులో కిద్వాయి ఆస్పత్రి 1973లో వచ్చింది. వేలూరు సి.ఎం.సి. సంగతి చెప్పనక్కరలేదు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వీటికి వచ్చేవారికి కావలసింది డబ్బొక్కటే కాదు. చీటీ ఏ కిటికీ దగ్గర రాయించాలో చెప్పే మనిషి కావాలి. వైద్యానికి వెళ్ళే రోగికి రైలు స్లీపర్ క్లాసులో టిక్కెట్టు ఉచితమనీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ అనీ, దానికి ఆస్పత్రి కాగితం కావాలనీ చెప్పే మనిషి కావాలి. రేడియేషన్‌ను మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట విని షాకు కొడుతుందేమోనని హడలిపోయే ముసలివాళ్ళుంటారు. ఎక్స్‌రే తీసినట్టే, పెట్టేటప్పుడు నొప్పి తెలియదు అని మన భాషలో ఒక్క మాట చెబితే ఆ రాత్రి నిద్రపోతారు.

ఇంతవరకు చిక్కు లేదు. కొడుకు మనల్ని వరండాలోకి పిలిచి, “సార్, మా నాయనకు మాత్రం జబ్బు పేరు చెప్పొద్దండి. ఏదో గడ్డ అనండి, చాలు” అన్నప్పుడు ధర్మసందేహం మొదలవుతుంది. లోపల పెద్దాయన డాక్టరు ముఖం చూస్తాడు, తర్వాత మన ముఖం చూస్తాడు. ఆ క్షణంలో ఆయన చెవీ నోరూ మనమే.

కొడుకును తప్పుపట్టలేం. అది ప్రేమే. తెలిస్తే బెంగతోనే మనిషి కుంగిపోతాడని భయం. కాని ఆ అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ పేరు ఆస్పత్రి బోర్డు మీద ఉంటుంది, రైలు రాయితీ కాగితం మీద ఉంటుంది. పక్క మంచం మనిషి చెప్పనే చెబుతాడు. తనకు తెలిసినట్టు కొడుకుకు తెలియకూడదని పెద్దాయనా నటిస్తాడు. ఒకరికోసం ఒకరు నటిస్తూ ఇద్దరూ ఒంటరివాళ్ళవుతారు.

నేను బ్యాంకు మనిషిని. మా దగ్గర ఒక నియమం ఉంది. ఖాతాదారు జబ్బుపడి సంతకం చేయలేకపోతే వేలిముద్ర వేయవచ్చు. చెయ్యి ఆడకపోతే కాలివేలి ముద్రయినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. తండ్రి ఒక్కడి పేర ఉన్న ఖాతాలో, ఆయన అధికారం రాసివ్వనిదే, ఎంత ప్రేమగల కొడుకూ సంతకం చేయలేడు. ఉన్నది వంద రూపాయలైనా ఇదే పద్ధతి. వంద రూపాయలకు ఇంత జాగ్రత్తపడే మనం, మిగిలిన రోజుల విషయంలో ఆ మనిషి ముద్ర అక్కరలేదనుకోవచ్చునా? ఆపరేషనుకు ఒప్పుకోవడమా మానడమా, పొలం ఎవరి పేర రాయడం, ఎవరితో తెగిన మాట కలపడం, ఇవన్నీ ఆయన ఖాతాలోవే.

అలాగని ముఖాన కొట్టినట్టు చెప్పమని కాదు. ముందు కొడుకుతో అనాలి: “నాయనా, నా అంతట నేను ఏమీ బయటపెట్టను. ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను. నీ భయం సంగతి డాక్టరుగారికి చెబుతాను.” ఆ భయానికీ ఒక దుబాసీ కావాలి. ఆపైన, “సంగతంతా మీకే చెప్పమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా?” అని డాక్టరుచేతనే అడిగించవచ్చు. “వాడితో చెప్పండి” అంటే అదీ ఆయన నిర్ణయమే. అప్పుడు మన మౌనం అబద్ధం కాదు. తనకే చెప్పమంటే డాక్టరు అన్నంత చెప్పాలి. డాక్టరు పెట్టని గడువు మనం పెట్టకూడదు, డాక్టరు ఇవ్వని హామీ మనం ఇవ్వకూడదు.

చెప్పి లేచిపోకూడదు. నిజం చెప్పినవాడికి కాసేపు పక్కన కూర్చునే బాధ్యత కూడా ఉంది. పరాయి ఊళ్ళో తన భాషలో ఏడవగలగడం ఒక ఊరట. మర్నాడు ఏ గదికి, ఎన్ని గంటలకు రావాలో చెప్పాలి. మనం వస్తామో రామో కూడా చెప్పాలి. రాలేనినాడు వస్తాననడమూ అబద్ధమే.