పరుల ఏకాంతం: కసెంతీనో అడవుల్లో ఒక ధర్మప్రశ్న

ఏకాంతంలో ఉన్నవారిని చూడడానికి ఇతరులు వెళితే అక్కడ ఏకాంతం మిగులుతుందా అనే ప్రశ్నను ఆధ్యాత్మిక గ్రంథాలు అంతగా పట్టించుకోలేదు. వాటి దృష్టి ఎప్పుడూ సాధకుడి మీదే గాని, సాధకుణ్ణి చూడవచ్చిన వాడి మీద కాదు. తీర్థయాత్రకూ విహారయాత్రకూ మధ్య ఉన్న గీత దాదాపు చెరిగిపోయిన ఈ కాలంలో ఆ ప్రశ్నను పక్కన పెట్టడం కుదరదు. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ నగరాల్లోని పెద్ద చర్చిలు మొదటి నుంచీ జనసమూహాల కోసమే కట్టినవి కనుక, ఎంతమంది వచ్చినా వాటి స్వభావానికి భంగం లేదు. ఇటలీ పల్లెసీమల్లో, ముఖ్యంగా తస్కనీ ప్రాంతపు తూర్పు అంచున ఆర్నో నది ఎగువ లోయగా ఉన్న కసెంతీనోలో సంగతి వేరు. మన యాత్రికులు సాధారణంగా ఫ్లోరెన్స్ నుంచి పీసా వైపు వెళ్తారే తప్ప ఈ లోయ వైపు తిరగరు. అయినా జనానికి దూరంగా ఉండడమే లక్ష్యంగా పుట్టిన స్థలాలు, జనం వచ్చినప్పుడు తమను తాము ఎలా కాపాడుకోవాలో వెయ్యేళ్లుగా ఆలోచిస్తూ వచ్చినది ఇక్కడే.

ఈ లోయలోని కమాల్దోలి ఆశ్రమాన్ని 11వ శతాబ్ది తొలి దశకాల్లో స్థాపించినవాడు రావెన్నా నగరానికి చెందిన పునీత రొమువాల్దో. ఆయన 1027లో మరణించాడు. పాశ్చాత్య క్రైస్తవ సన్యాసానికి అప్పటికే పునీత బెనడిక్ట్ ఏర్పరచిన నియమావళి ఆధారంగా ఉండేది. ఆ నియమావళి ప్రకారం సన్యాసులు ఒకే కప్పు కింద కలిసి ప్రార్థించి, కలిసి భుజించి, కలిసి శ్రమించాలి. దానికి భిన్నంగా, ఈజిప్టు ఎడారుల్లో తొలి క్రైస్తవ తపస్వులు ఒంటరిగా బతికిన మరో సంప్రదాయం ఉంది. ఈ రెండింటినీ ఒకే కొండ మీద కలపడం రొమువాల్దో చేసిన పని. దాదాపు 1,100 మీటర్ల ఎత్తున ఉన్న ఏకాంతవాసాన్ని ఇటలీ వారు ఎరెమో అంటారు. అక్కడ ఒక్కొక్క సన్యాసికి ఒక్కొక్క కుటీరం ఉంటుంది. అక్కడి నుంచి సుమారు మూడు కిలోమీటర్లు దిగువన ఫోంతెబువోనో అనే చోట బాటసారులకూ యాత్రికులకూ ఒక సత్రం ఏర్పడింది; అదే తరువాత పెరిగి సన్యాసులు కలిసి జీవించే మఠమైంది. ఈ ఏర్పాటులోని తెలివిని గమనించాలి: అతిథిని ఆదరించడం బెనడిక్ట్ నియమం ప్రకారం తప్పించుకోరాని ధర్మం కనుక సత్రం లేకుండా కుదరదు, సత్రం ముంగిట్లోనే ఉంటే ఏకాంతం నిలవదు. కనుక ఆతిథ్యాన్ని మానకుండా, దాన్ని మూడు కిలోమీటర్ల కిందికి దించారు.

పైనున్న ఎరెమోలో రొమువాల్దో పేరిట నిలిచిన కుటీరాన్ని మాత్రం సందర్శకులు లోపలికి వెళ్లి చూడవచ్చు. దాని నిర్మాణం నత్తగుల్ల వరస: బయట గోడ కట్టిన చిన్న తోట, ఆ తోట నుంచి లోపలికి అడుగుపెడితే గదులను చుట్టి వచ్చే ఇరుకు నడవా, ఆ నడవా ఆవరించిన నడిమి భాగంలో పడకకూ చదువుకూ ఒక గది, ఒక్కరు మోకరిల్లడానికి సరిపోయే ప్రార్థనా స్థలం, కట్టెలు పేర్చుకునే కొట్టు. మంచం గోడలోకి ఒదిగిన చెక్క అరలో ఉంటుంది. భోజనం అందుకోవడానికి గోడలో చిన్న కిటికీ ఉంది. తెచ్చినవారికీ తినేవారికీ మాట కలవవలసిన అవసరం రాదు. ఈ చుట్టుగోడలకు కారణం వేదాంతం ఎంతో, చలి కూడా అంతే. మంచు కురిసే కొండ మీద లోపలి గది వెచ్చదనాన్ని నిలుపుకోవాలంటే ఇలా పొరలు పొరలుగా కట్టక తప్పదు. లోనికి పోయే కొద్దీ ప్రపంచం తగ్గుతుందన్న భావన, లోనికి పోయే కొద్దీ చలి తగ్గుతుందన్న అవసరం ఇక్కడ ఒకే గోడగా లేచాయి. ఈ రెంటినీ విడదీసి ఒకదాన్నే ఆధ్యాత్మికమని పొగిడే మార్గదర్శులు ఆ గదికి అన్యాయమే చేస్తున్నారు.

ఆ కుటీరం దాటాక వచ్చే ద్వారం సందర్శకులకు తెరవరు. దాని అవతల ఇప్పటికీ సన్యాసులు నివసించే కుటీరాల వరసలు ఉన్నాయి. ఈ హద్దునే కతోలిక సంప్రదాయంలో క్లౌసూరా అంటారు. మఠంలో బయటివారు అడుగుపెట్టకూడని భాగాన్నీ, ఆ నిషేధ నియమాన్నీ కూడా ఆ మాటే సూచిస్తుంది. మన గర్భగుడితో దీన్ని పోల్చాలనిపిస్తుంది గాని, గర్భగుడి గడప దాటనివ్వకపోయినా లోపలి మూర్తి దర్శనమిస్తుంది. క్లౌసూరా దర్శనం కూడా ఇవ్వదు. ఖాళీగా ఉన్న ఒక గదిని నమూనాగా చూపించి, మనుషులున్న గదులను చూపకపోవడం ఎరెమో ఎంచుకున్న పద్ధతి. ఏకాంతం ఎలా ఉంటుందో తెలియజెప్పవచ్చు గాని ఏకాంతంలో ఉన్నవాణ్ణి చూపకూడదు అనే సిద్ధాంతాన్ని ఇంతకంటే నిజాయితీగా అమలు చేసిన చోటు అరుదు.

కమాల్దోలికి వచ్చినవారే ఏకాంతం విలువ ఎంత అనే ప్రశ్నను చర్చించిన సందర్భం ఒకటి తత్త్వశాస్త్ర చరిత్రలో ఉంది. ఫ్లోరెన్స్ పండితుడు క్రిస్తోఫోరో లాందీనో 1470ల తొలినాళ్లలో లాటిన్‌లో రాసిన ‘కమాల్దోలి సంవాదాలు’ 1468 వేసవిలో ఈ మఠంలో జరిగినట్లు కూర్చినవి. అందులో వాస్తుశిల్పి, పండితుడు అయిన లియోన్ బత్తీస్తా అల్బెర్తి ధ్యానజీవితం పక్షాన మాట్లాడతాడు. ఫ్లోరెన్స్ పాలక కుటుంబానికి చెందిన, అప్పటికి ఇరవయ్యేళ్లయినా నిండని లొరెంజో దె మెదీచి కర్మజీవితం పక్షాన నిలుస్తాడు. మన సంప్రదాయంలో నివృత్తి, ప్రవృత్తి అనే పేర్లతో సాగిన వాదానికి ఇది దగ్గరి చుట్టం. ఆసక్తికరమైన సంగతేమిటంటే, నివృత్తి గొప్పదా ప్రవృత్తి గొప్పదా అని తర్కించినవారు సన్యాసులు కారు. నగరపు ఎండ తప్పించుకోవడానికి కొండకు వచ్చిన అతిథులు. ఆ గ్రంథాన్ని గ్రంథకర్త ఉద్దేశం మేరకు చదివినా, కొంచెం నవ్వుకుంటూ చదివినా నష్టం లేదు. ఇలాంటిదే మరొకటి 1943 జూలైలో జరిగింది: యుద్ధం ఇటలీని చుట్టుముట్టిన ఆ రోజుల్లో కొందరు కతోలిక మేధావులు ఇదే మఠంలో సమావేశమై, రాబోయే కాలపు ఆర్థిక, సామాజిక సూత్రాల రూపకల్పనకు పూనుకున్నారు. దాని ఫలితమే ‘కమాల్దోలి స్మృతి’గా ప్రసిద్ధమైన పత్రం.

ఎరెమో చుట్టూ ఆవరించిన ఫర్ చెట్ల అడవిని కూడా ఈ వాదంలో భాగంగానే చూడాలి. కమాల్దోలి సన్యాసి పాఓలో జుస్తీనియాని 1520లో వెలువరించిన ఏకాంతవాస నియమాల్లో అడవి సంరక్షణకు చోటు దక్కింది. చెట్టు నరకడానికీ కొత్త మొక్క నాటడానికీ సన్యాసుల సమష్టి నిర్ణయం అవసరమైంది. అయితే దీన్ని ప్రకృతి ఆరాధనగా వర్ణించడం తొందరపాటు. ఆ కలప మఠానికి ఆదాయం, నిటారుగా పెరిగే ఫర్ చెట్టుకు మంచి ధర. ఆ కొండల్లో సహజంగా బీచ్ చెట్లూ ఫర్ చెట్లూ కలగలిసి పెరుగుతాయి. ఎరెమో చుట్టూ స్తంభాల మాదిరి నిలిచిన ఒకే జాతి వనం చాలావరకు మనిషి నాటినది. ప్రార్థన, వ్యాపారం, గోప్యత మూడూ ఒకే చెట్టు నీడన సాగాయనడం సన్యాసులను తక్కువ చేయడం కాదు. వారి విరక్తికి లెక్కపుస్తకం కూడా తోడుండేదని ఒప్పుకోవడమే. ఇటలీ ఏకమయ్యాక 1866లో వచ్చిన చట్టం మఠాల ఆస్తులను ప్రభుత్వపరం చేయడంతో ఆ అడవి సన్యాసుల చేజారింది. కుటీరాలకు సన్యాసులు తిరిగి వచ్చారు గాని అడవి ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది.

అదే కొండల వరసకు అవతలి వాలులో సాస్సో ఫ్రాతీనో అనే మరో అడవి ఉంది. నిట్టనిలువు వాలు వల్ల గొడ్డళ్లు అంతగా చొరబడలేకపోయిన ఆ చోటును, అటవీ అధికారి ఫాబియో క్లౌజర్ చొరవతో 1959లో సంపూర్ణ రక్షిత వనంగా ప్రకటించారు. ఇటలీలో ఆ హోదా పొందిన మొదటి అడవి అదే. సంపూర్ణ రక్షణ అంటే అక్కడ నరకరు, నాటరు, పడిన చెట్టును తీయరు. అనుమతి పొందిన పరిశోధకులు తప్ప ఎవరూ లోపలికి పోరు. అయిదు శతాబ్దాలు దాటిన బీచ్ చెట్లు అక్కడున్నాయి. చుట్టుపక్కల అడవులతో కలిపి 1993లో జాతీయవనం ఏర్పడింది. 2017లో సాస్సో ఫ్రాతీనో ఐరోపా ప్రాచీన బీచ్ అడవులలో భాగంగా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఇక్కడ అసలు ప్రశ్న తలెత్తుతుంది. ఎరెమో తలుపు దేవుడి కోసం మూసినది, సాస్సో ఫ్రాతీనో దారి చెట్ల కోసం మూసినది. ఫలితం ఒకటే అయినప్పుడు కారణం వేరు కావడం ముఖ్యమా? మతం తెలిసినవారు ముఖ్యమే అంటారు. తలుపు వెనక ఒక సంకల్పం, ఒక సంబోధన ఉన్నాయని, అడవికి అవి లేవని వారి వాదం. వృక్షశాస్త్రజ్ఞుడికి ఆ భేదం అక్కర్లేదు. రెండు పక్షాలూ వదిలేసిన విషయం ఒకటుంది: రెండు చోట్లా సందర్శకుడి మీద పడే కర్తవ్యం అచ్చంగా ఒకటే. తన చూపు తగలకుండానే ఒక వస్తువుకు విలువ ఉంటుందని ఒప్పుకోవడం అది. ఆ ఒప్పుకోలును వినయం అన్నా, జ్ఞానం అన్నా, అది చదివితే వచ్చేది కాదు. మూసిన గుమ్మం ముందు నిలబడి వెనుదిరగవలసి వచ్చినప్పుడు వచ్చేది.

తెరిస్తే ఏమవుతుందో చెప్పే నిదర్శనం కూడా అదే లోయలో ఉంది. ఆర్నో నది పుట్టే ఫాల్తెరోనా పర్వతం మీద ఒక చిన్న చెరువుంది. రోమన్లకు ముందు ఈ ప్రాంతంలో వర్ధిల్లిన ఎట్రుస్కన్ జాతి వారు దాన్ని పవిత్రంగా భావించి, మొక్కులు మొక్కుకుని కంచు బొమ్మలనూ, శరీరావయవాల ప్రతిమలనూ అందులో వేశారు. 1838లో ఒక బొమ్మ బయటపడడంతో చెరువు నీరు తోడించి, ఆరు వందలకు పైగా కంచు విగ్రహాలు వెలికి తీశారు. వాటిలో అత్యధికం చేతులు మారి చెల్లాచెదురయ్యాయి. కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ, పారిస్‌లోని లూవ్ర్‌కూ చేరాయి. తరువాతి కాలంలో మళ్లీ తవ్వకాలు జరిపి, చెరువుకు పూర్వరూపం తెచ్చారు. ‘విగ్రహాల సరస్సు’ అనే పేరు ఇప్పుడు విగ్రహాలు లేని నీటికి మిగిలింది. మొక్కుబడి చెల్లించినవాడికి ఆ బొమ్మ మళ్లీ మనిషి చేతికి రాకపోవడంలోనే అర్థం ఉంది. దాన్ని గాజుపెట్టెలో పెట్టి కాపాడిన మ్యూజియం లోహాన్ని కాపాడింది గాని మొక్కును కాదు. అయితే ఆ తవ్వకం జరగకపోతే ఆ మొక్కుల సంగతే లోకానికి తెలిసేది కాదన్న చిక్కు అలాగే ఉంది, దాన్ని దాటవేయకూడదు.

కసెంతీనోలోనే ఉన్న మరో కొండ లా వెర్నా గురించి క్లుప్తంగా చెప్పినా చాలు, ఎందుకంటే అది పేరుపొందిన క్షేత్రం. 1213లో ఓర్లాందో ప్రభువు ఆ కొండను అస్సీసికి చెందిన పునీత ఫ్రాన్సిస్‌కు ఇచ్చాడని, 1224 సెప్టెంబరులో క్రీస్తు శిలువ గాయాలు అక్కడ ఆయన దేహం మీద వెలిశాయని కతోలికుల విశ్వాసం. వాటినే పంచగాయాలు అంటారు. ప్రతి మధ్యాహ్నం మూడు గంటలకు ఫ్రాన్సిస్కన్ సోదరులు కప్పు వేసిన నడవా గుండా ఆ గాయాల మందిరానికి ఊరేగింపుగా వెళతారు, యాత్రికులూ వారి వెంట నడుస్తారు. అంటే ఫ్రాన్సిస్ ఒంటరిగా ఉన్న చోట ఆయన అనుచరులు జనాన్ని వెంట తీసుకుపోతారు. కమాల్దోలి వారి జవాబుకు ఇది పూర్తిగా ఎదురు జవాబు. తప్పు కాదు, కాని దీని వల్ల ఏకాంతం జ్ఞాపకంగా మారుతుంది. శిల్పి ఆంద్రేయా దెల్లా రొబ్బియా మెరుగుపూత మట్టితో చేసిన శిల్పఫలకాలు ఆ కొండ తేమకు రంగు చెదరకుండా శతాబ్దాలుగా నిలవడం మాత్రం కళ్లతో చూడదగ్గ అద్భుతం.

భారతీయులకు కమాల్దోలి సంప్రదాయంతో నేరుగా సంబంధం కూడా ఉంది. తమిళనాడులో కావేరి ఒడ్డున కుళిత్తలై సమీపంలో ఇద్దరు ఫ్రెంచి క్రైస్తవ సన్యాసులు 1950లో స్థాపించిన శాంతివనం ఆశ్రమం, ఆంగ్ల సన్యాసి బీడ్ గ్రిఫిత్స్ నిర్వహణలో ఉన్న 1980లలో కమాల్దోలి సంఘంలో చేరింది. అక్కడ కాషాయం, హారతి, ఉపనిషత్ పఠనం బెనడిక్ట్ నియమంతో కలిసి సాగాయి.

కసెంతీనోకు వెళ్లదలచిన తెలుగువారు ఫ్లోరెన్స్ నుంచి ఒకే రోజులో లా వెర్నా, కమాల్దోలి, సరస్సు మూడూ చుట్టేసి రావాలన్న ఆలోచన మానుకోవడం మంచిది. దిగువ మఠం వారు నేటికీ అతిథిగృహం నడుపుతున్నారు. రెండు రాత్రులు అక్కడ బస చేసి, ఒక ఉదయం పైకి కాలినడకన వెళ్లి, రొమువాల్దో కుటీరం చూసి, ఆ తరువాతి ద్వారం దగ్గర ఆగి, తలుపు తట్టకుండా, ఫోటో తీయకుండా కిందికి రావాలి.